కొమ్మ కొట్టుకోమన్నది నేనే

తిట్లు తినే కొలువు

వెల్ఫేర్ ఆఫీసర్ అంటే కార్మికుల సంక్షేమం చూసే అధికారి అని చట్టంలో రాసి ఉంటుంది. ముప్పై ఏళ్లు చేసి దిగినవాణ్ణి, నా మాట వినండి. క్యాంటీన్‌లో పప్పు పలుచనైతే తిట్లు తినేవాడు వెల్ఫేర్ ఆఫీసర్. స్నానాల గది గొళ్లెం ఊడినా తిట్లు ఆయనకే. ఎవరి బండి ఎవరి బండికి తగిలినా, ఎవరు ఎవరి టిఫిన్ డబ్బా తెరిచినా, చివరికి ఇద్దరూ కలిసి తిట్టుకోవడానికని కంపెనీ జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. ఒకరోజు ఎవరూ తిట్టలేదంటే ఆ రోజు సెలవన్నమాట. అయినా చెబుతున్నాను, ఇంత సరదా ఉద్యోగం ఇంకోటి లేదు!

నేను గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేశాను. కంపెనీ పేరు చెప్పను. చెబితే వాళ్లు కూడా ఇంటికొచ్చి తిడతారు.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సార్, ఏమైనా టిప్స్ చెప్పండి" అంటుంటారు. ప్రమోషన్ ఎలా కొట్టాలో నాకు తెలియదు, తెలిస్తే నేనే కొట్టేవాణ్ణి. రిజిస్టర్లు ఎలా నింపాలో కంప్యూటర్ చెబుతుంది. నా దగ్గరున్నవల్లా నేను చేసిన తప్పులు. అవి మాత్రం దండిగా ఉన్నాయి. వాటిలో పెద్దది ఒకటి చెబుతాను. దాన్ని దిద్దింది నేను కాదు, నా సగం వయసు కూడా లేని ముగ్గురు పిల్లలు.

ఈకలు, ఆకులు

మా ఫ్యాక్టరీలోకి జార్ఖండ్ నుంచి ఆదివాసీ యువకులు, అమ్మాయిలు రావడం మొదలైన కొత్తలో సంగతి ఇది. కాంట్రాక్టు పని. కాజీపల్లి దాటాక ఒక ఊళ్లో వరస గదుల్లో కిరాయికి ఉండేవాళ్లు. పొద్దున్నే బిలబిలా వచ్చేవాళ్లు, సాయంత్రం బిలబిలా పోయేవాళ్లు. ఊరివాళ్లకు వాళ్లు "జార్ఖండోళ్లు". వాళ్లకు ఊరివాళ్లు "లోకల్ లోగ్". ఆ రెండు మాటల మధ్య ఇంకో మాట ఉండేది కాదు.

మా జనరల్ మేనేజర్‌గారికి ఒకరోజు పెద్ద ఆలోచన వచ్చింది. "ఏమయ్యా, కంపెనీ వార్షికోత్సవానికి మన ట్రైబల్ పిల్లలతో డ్యాన్స్ చేయిద్దాం. ఊరి పెద్దల్ని పిలుద్దాం. అందరూ కలిసిపోతారు!" అన్నారు. ఆయన మాటంటే నాకు వేదం. వెంటనే నగరానికి పోయి, నాటకాలకు దుస్తులు అద్దెకిచ్చే దుకాణంలో ఈకల కిరీటాలు పన్నెండు, ఆకుల లంగాలు పన్నెండు, రెండు ప్లాస్టిక్ ఈటెలు తెచ్చాను. ఎంత మురిసిపోయానో! ఆటోలో ఈకలు చెడిపోకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

రియాక్టర్ దగ్గర పనిచేసే సోమ్రా అని ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్లందరిలో కాస్త పెద్దవాడు, మాట నెమ్మది. ఆ మూట విప్పి చూసి, కిరీటం అటూ ఇటూ తిప్పాడు.

"సార్, ఇది ఏ ఊరి బట్టలు?"

"ఏ ఊరేమిటి? మీవే కదయ్యా!"

"మావా?" అని వాడు నా ముఖంలోకి చూశాడు. "మా నాయిన పోస్ట్‌మ్యాన్ సార్."

పక్కనే ప్యాకింగ్ సెక్షన్ అమ్మాయిలు కిసుక్కుమన్నారు. వాళ్లలో ఫూలో అనే ఆమె ఒక కిరీటం తీసి ఠపీమని నా నెత్తిన పెట్టింది. "సార్‌కే బాగుంది" అంది. పన్నెండు మందీ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను కానీ చెవులు మండిపోయాయి. వార్షికోత్సవం రోజు అమ్మాయిలు ఎర్రంచు తెల్లచీరలు కట్టుకొచ్చారు, ఇళ్ల దగ్గర వాళ్లు నిజంగా కట్టుకునేవి. చేతులు పట్టుకుని వరసగా ఆడుతుంటే ఊరి ఆడవాళ్లు కుర్చీల్లోంచి లేచి దగ్గరికొచ్చి చూశారు. ఈకలు మళ్లీ ఆటోలో, నా ఒళ్లోనే తిరిగి వెళ్లాయి.

అప్పటినుంచి వాళ్ల సంగతి ఏదైనా సరే, ముందు వాళ్లనే అడిగేవాణ్ణి. మంచి పాఠం నేర్చుకున్నానని గర్వం కూడా ఉండేది. సగమే నేర్చుకున్నానని తర్వాత తెలిసింది.

చెట్టుకు ఇవతలి వైపు

వినాయక చవితి వెళ్లిన వారం వాళ్లకు కరమ్ పండుగ వస్తుంది. ముందు నుంచే ఆడపిల్లలు బుట్టలో ఇసుక పోసి, గింజలు చల్లి, పసుపు నీళ్లతో మొలకలు పెంచుతారు. పండుగ రోజు ఉపవాసం ఉండి, కరమ్ చెట్టు కొమ్మలు తెచ్చి వాకిట్లో నాటి, చుట్టూ ఆడతారు. మర్నాడు పొద్దున మొలకలు ఒకరి చెవిలో ఒకరు పెట్టుకుని, కొమ్మను నీళ్లలో కలుపుతారు.

ఆ ఏడాది సోమ్రా, ఫూలో నా దగ్గరికొచ్చారు. "సార్, కరమ్ చెట్టు ఇక్కడ దొరుకుతదా?" అని ఫోన్‌లో ఫొటో చూపించారు. చూడగానే గుర్తుపట్టాను. మన కదంబం లాంటి చెట్టు. ఊరి పొలిమేరలో, రోడ్డు పక్కనే ఉంది. కంపెనీ బస్సు కిటికీలోంచి ఏళ్ల తరబడి చూస్తున్న చెట్టే.

"ఓస్, అంతేనా! రోడ్డు పక్క సర్కారు చెట్టు. పోయి కొట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు" అన్నాను. టీ తాగుతూ అన్నాను. పెద్దమనిషి లెక్కన చెయ్యి ఊపి మరీ అన్నాను.

బస్సులోంచి ఆ చెట్టుకు ఇవతలి వైపే కనిపిస్తుంది. అవతలి వైపు పోచమ్మ గద్దె ఉంది. అన్నేళ్లలో ఒక్కసారైనా ఆ ఊళ్లో బస్సు దిగి నడిచి ఉంటే నాకు తెలిసేది. ఊరి కార్మికుల కోసం, ఊళ్లో ఉండే కార్మికుల కోసం జీతం తీసుకునేవాణ్ణి, ఊరు ఎలా ఉంటుందో తెలియదు!

సోమ్రా వాళ్లు గద్దెను చూశారు. పసుపు, కుంకుమ, వేపమండలు చూసి, ఇక్కడ కూడా ఈ చెట్టును మొక్కుతారన్నమాట అని సంబరపడ్డారట. దీపం పెట్టి, చెట్టుకు మొక్కి, అమ్మవారికీ మొక్కి, మూడు కొమ్మలు నేలకు తగలకుండా దించుకుని తెచ్చుకున్నారు. బుధవారం పొద్దున కొమ్మల్ని చెరువులో కలిపారు. మధ్యాహ్నానికల్లా ఊరు భగ్గుమంది.

మూడు రోజుల మౌనం

సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు జనం. వాళ్లుండే గదులు బాల్‌రెడ్డి పటేలువి. ఊళ్లో పాత కాపుదనం ఇల్లు. భూమిలో సగం ఫ్యాక్టరీల గోడల లోపలికి పోగా, మిగిలిన చెక్కలో గదులు కట్టి కిరాయికిచ్చాడు. ఆయన గొంతు రోడ్డు దాకా వినిపించింది.

"మా అమ్మ చెట్టును కొడ్తరా? మొక్కి కొట్టిండ్రట! అమ్మనడిగిండ్రట! నన్ను అడగలే, ఊర్ల ఒక్కన్ని అడగలే. ఐతారం కల్ల రూములన్నీ ఖాళీ జెయ్యాలె. ఇంకెవ్వడు కూడ వీళ్లకు కిరాయికియ్యద్దు!"

ఆయన కోపం ఊరికే పుట్టిన కోపం కాదు. బావి నీళ్లు ఎందుకూ పనికిరాకుండా పోయాయి, ఊరి పిల్లలకు పర్మనెంటు ఉద్యోగాలు రాలేదు, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా ఆయన్ని ఆపి "ఎవరు కావాలి?" అని అడిగేవాడు. అన్నీ పోగా మిగిలింది పోచమ్మ. ఆమె చెట్టు మీద కూడా గొడ్డలి పడిందంటే ఎవరికి మండదు?

గదులు పోతే వాళ్లకు చుట్టుపక్కల ఎక్కడా దొరకవు. సోమవారం రైలెక్కడమే. సోమ్రా ఎలాగో బతికేస్తాడు, అసలు నష్టం ఫూలోకి. ఆమె ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టింది, నెల రోజుల్లో పరీక్ష. పాసైతే ప్యాకింగ్ నుంచి ల్యాబ్‌లోకి తీసుకుంటామని రాతపూర్వకంగా ఇప్పించింది నేనే. ఆమెకు రోజూ షిఫ్ట్ అయ్యాక కెమిస్ట్రీ చెప్పేది మా ల్యాబ్‌లోనే పనిచేసే శ్రావణి. శ్రావణి ఎవరనుకున్నారు? బాల్‌రెడ్డి పటేలు బిడ్డ.

ఇక నా సంగతి. కొట్టుకోమన్నది నేను. ఒక్క మాట చెబితే పోయేదానికి నోరు మూసుకున్నాను. జనరల్ మేనేజర్‌గారు పిలిచి, "గేటు బయట జరిగింది మనకెందుకయ్యా? వీళ్లు పోతే కాంట్రాక్టరు ఇంకో బ్యాచ్‌ని తెస్తాడు. కంపెనీ పేరు మాత్రం బయటికి రాకూడదు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నా కూతురు ఆసుపత్రిలో ఉన్నప్పుడు తన కారు పంపిన మనిషి. కానీ ఆయనకు మనుషులు బ్యాచ్‌లుగానే కనిపించేవాళ్లు. నేను "అలాగే సార్" అన్నాను. పిరికితనానికి విధేయత అని పేరు పెట్టుకోవడం ఈ ఉద్యోగంలో చాలా తేలిక. రాసిపెట్టుకోండి, మీకూ పనికొస్తుంది.

శుక్రవారం శ్రావణి నా గదికొచ్చి, అడక్కుండానే కుర్చీలో కూర్చుంది.

"సార్, సోమ్రా డ్యూటీకి వచ్చుడు, రూముకు పోవుడు తప్ప ఊరు తిరగడు. గా చెట్టు ఆడున్నదని అతనికెట్ల ఎరుక?"

నేను ఫైలు తిరగేశాను. తలకిందులుగా తిరగేశానని తర్వాత చూసుకున్నాను.

"మీరే గద సార్ చెప్పింది?"

"అతను చెప్పాడా?"

"సస్తే చెప్తలేడు! ఎంతడిగినా నేనే చూసిన అంటడు. అందుకే మీరని తెలిసిపోయింది. ఇంకెవ్వరినైతే గిట్ల కాపాడడు."

సోమ్రాను పిలిపించి ఎందుకు చెప్పలేదని అడిగాను. తల గోక్కున్నాడు. "మీ పేరు చెప్తే మీ నౌకరీ పోతది సార్. మాకు రూము పోతే ఇంకో రూము చూస్కుంటం."

ఆ మాట విని ఎటైనా పారిపోవాలనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా, చూడండి నా ఘనత, శుక్రవారం కూడా నోరు విప్పలేదు.

చెవిలో మొలకలు

శనివారం సాయంత్రం శ్రావణి మమ్మల్ని తన ఇంటికే తీసుకుపోయింది. సోమ్రా, ఫూలో, వెనకాల నేను. పటేలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి కాళ్లు కూడా కిందికి దించలేదు.

"బాపూ, గీమె ఇల్లు ఖాళీ చేస్తే నేను గూడ చెయ్యాలె" అంది శ్రావణి, ఫూలోను చూపించి.

"నీకేంది సంబంధం?"

"బుధారం పొద్దుగాల ఆమె నా చెవుల మొలకలు పెట్టింది, నేను ఆమె చెవుల పెట్టిన. ఇగ మేమిద్దరం ఒకరికొకరం కరమ్‌డార్. ఆమె కష్టం నా కష్టం. పేరు గూడ పెట్టి పిలవద్దు."

"పేరు పిలవకుంటే ఏమని పిలుస్తవే?"

"కరమ్‌డార్ అనే పిలుస్త. అమ్మ నిన్ను పేరు పెట్టి పిలుస్తదా ఏంది?"

లోపల గిన్నె కింద పడిన చప్పుడు, వెంటనే పటేలమ్మ నవ్వు వినిపించాయి. పటేలు మీసం కింద పెదవులు అదిరాయి గానీ పట్టుబట్టి బిగించుకున్నాడు.

"మనోళ్లు సద్దుల బతుకమ్మ కాడ వరస కలుపుకుంటలేరా బాపూ? గట్లనే ఇది. ఆమెకు నువ్వు తండ్రివైతవ్."

"అరె! నన్నడగకుంట నా చెట్టు కొట్టిండ్రు. ఇప్పుడు నాకు చెప్పకుంట నాకొక బిడ్డను గూడ తెచ్చిండ్రు!" అని పటేలు తల పట్టుకున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించాను.

ఆయన అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "సరే, ఆ కొమ్మలు తెచ్చి అమ్మ కాళ్ల కాడ పెట్టుండ్రి. అప్పుడు మాట్లాడుత" అన్నాడు. సోమ్రా చేతులు కట్టుకుని, నీళ్లలో కలిపేశాం, మళ్లీ తీయకూడదు అన్నాడు. "ఎందుకు తియ్యద్దు? ఈత రాదా?" అని పటేలు గద్దించాడు.

శ్రావణి అందుకుంది. "మన గణపతిని గూడ అదే చెరువుల ఏస్తం గద బాపూ. పోయి తీస్కరమ్మంటే తెస్తవా?"

 పటేలు చాలాసేపు మీసం మెలేశాడు. కాళ్లు కిందికి దించి, సోమ్రాను మొదటిసారి మనిషిగా చూసి అడిగాడు. "మీకు భూమి లేదా? గింత దూరం ఎందుకొచ్చిండ్రు?"

"ఉండె. తాత భూమి. బొగ్గు గని కింద పోయింది."

"నాది గోడ కింద పోయింది" అన్నాడు పటేలు. ఆ మాట అంటూ ఫ్యాక్టరీ వైపు చూశాడు.  పటేలమ్మ చాయ్ తెచ్చి అందరికీ ఇచ్చింది, ఫూలోకి ముందు ఇచ్చింది.

చాయ్ అయ్యాక పటేలు లేచాడు. "రేపు పొద్దుగాల అమ్మ కాడికి రాండ్రి. అమ్మ సల్లగుండాలని సాక పోసి, ఊరందరి ముంగట మాట్లాడుదం. ఊరు ఒప్పుకుంటే ఉంటరు, లేకుంటే పోతరు. కాని ఒక్కటి. గా చెట్టు చూపిచ్చినోడెవడు? మా ఊరోడే అయ్యుంటడు. వాని సంగతి జూస్త."

"నేనే చూసిన పటేలా" అన్నాడు సోమ్రా. శ్రావణి నా వైపు చూసింది. అప్పుడు చెప్పాల్సింది. ఖాళీ చాయ్ గ్లాసులోకి చూశాను.

ఆదివారం

పొద్దున్నే వెళ్లాను. బస్సు లేదు కాబట్టి షేర్ ఆటో దిగి, ఊళ్లోకి మొదటిసారి నడిచాను. గదుల ముందు మూటలు కట్టి ఉన్నాయి. ఫూలో మూట మీద కెమిస్ట్రీ పుస్తకం పెట్టి ఉంది, చదువుతున్న పేజీలో మొలకలు గుర్తుగా పెట్టుకుంది. అది చూశాక నాలో భయమూ గియమూ ఎటు పోయాయో పోయాయి.

గద్దె దగ్గర జనం నిండిపోయారు. ఒక పక్క ఊరు, ఒక పక్క వాళ్లు. "అడగకుండ కొట్టినోళ్లను ఎట్ల ఉండనిస్తం?" అని ఎవరో మొదలుపెట్టారు. నేను మధ్యలోకి పోయి గట్టిగా అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

"వాళ్లు అడిగారు! నన్ను అడిగారు. కొట్టుకోమన్నది నేనే. ఇది సర్కారు చెట్టు, ఎవరూ ఏమీ అనరు అన్నాను. ఇక్కడ అమ్మ ఉందని నాకు తెలియదు. ఇన్నేళ్లూ బస్సులో పోయాను తప్ప ఒక్కసారి దిగి చూడలేదు. నాలుగు రోజుల్నుంచి భయపడి దాక్కున్నాను. ఏమన్నా అంటే నన్ననండి!"

 ఇక పడ్డాయి చూడండి తిట్లు! ముప్పై ఏళ్ల సర్వీసులో అంతటి తిట్లు తినలేదు. ఇరుపక్కలా పడ్డాయి. ప్యాకింగ్ సెక్షన్ అమ్మాయిలు హిందీలో, ఊరి అమ్మలక్కలు తెలుగులో. ఆ నాలుగు రోజుల్లో రెండు పక్షాలూ ఒక్కటైంది అప్పుడే. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను, గాల్లో తేలిపోయాను.

పటేలు చెయ్యెత్తి ఆపాడు. "సదువుకున్నోనివి. గింత పెద్ద నౌకరి జేస్తవ్. అవుతలి పక్క ఏమున్నదో చూసుడు రాదా నీకు?"

"రాలేదు పటేలా. ఇప్పుడు నేర్చుకుంటాను."

"గట్లైతే చెప్పులిడువు. సాకకు నీళ్లు నువ్వే మోయాలె. గా బోరింగు కాడికెల్లి ఐదు బిందెలు."

నా బొజ్జ, నా ఇస్త్రీ చొక్కా, నా వయసు! బిందె నెత్తిన పెట్టుకుంటే మొదటి పది అడుగుల్లోనే సగం నీళ్లు నా వీపు మీద. ఊరంతా ఈలలు. "సార్, మెల్లగ! సార్, కుడి దిక్కు!" అని అరుపులు. మూడో బిందెకు కాలు జారితే ఒక పక్క సోమ్రా, ఒక పక్క ఊరి కుర్రాడొకడు పట్టుకున్నారు. ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని మిగతా రెండు బిందెలూ మోయించారు. చివరికి నవ్వలేక కడుపు పట్టుకుని కూర్చున్నవాళ్లలో ఎవరు ఊరో, ఎవరు జార్ఖండో నేను చెప్పలేను.

గద్దె చూసుకునే కుమ్మరి ముసలమ్మ ఆ నీళ్లలో పసుపు కలిపి, వేపమండ వేసి, చెట్టు చుట్టూ, అమ్మ చుట్టూ సాక పోసింది. కొమ్మ నరికిన చోట పసుపు రాసింది. రాస్తూ, "అడివిలో చెట్టు కొట్టినట్టు కొట్టలే. మంచిగ కొట్టిండ్రు" అని తనలో తాను అనుకుంది. ఆ మాట అందరికీ వినిపించింది. ఉంటారా పోతారా అని ఊరిని వేరుగా అడగాల్సిన పని కూడా లేకపోయింది. జనం మెల్లగా కదలసాగారు.

పటేలు మాత్రం కదల్లేదు. ఫూలోను దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, ఒక్క మాట. చెట్టునడిగినం, అమ్మనడిగినం అంటున్నరు గద. ఏమని అడిగిండ్రు?"

ఫూలో శ్రావణి వైపు చూసి, ప్యాకింగ్ సెక్షన్‌లో నేర్చుకున్న తెలుగులో మెల్లగా చెప్పింది. "మేము దూరంకెల్లి వచ్చినం. ఈడ మాకు ఎవ్వలు తెల్వదు. ఒక్క దినం మా ఇంటికి రా, రేపు పంపిస్తం. గట్ల అడిగినం."

పటేలు పై పంచెతో ముఖం తుడుచుకున్నాడు. ఎండ లేదు, చెమటా లేదు.

"వచ్చే ఏడు గట్ల అడగొద్దు" అన్నాడు. "ఎవ్వలు తెల్వదని అమ్మకు చెప్పొద్దు. బాల్‌రెడ్డి పటేలు మాకు బాపు అయితడని చెప్పు. పో, పోయి మూటిప్పు. పరీచ్చ ఉన్నదంట గద?"